ఈ వాక్యంలో చూస్తున్నది ఎవరు: పర్లాకిమిడి తరగతిలో ఒక కథ పాఠం

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది వైపు కొద్ది దూరం వెళితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకు ఈ రెండు ఊళ్లూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు అటువైపు బడి తెలుగు, ఇటువైపు బడి ఒడియా. ఇటువైపు గజపతి జిల్లాలోని ఒక బడిలో నేను తెలుగు చెబుతున్నాను. నలుగురిలో తన ఇంటి మనిషిని చూసి నామోషీ పడిన ఒక అమ్మాయి కథను తొమ్మిదో తరగతి పిల్లలకు వరుసగా మూడేళ్లు చెప్పాను. ఆ మూడేళ్లలో పాఠం ఎలా మారిందో, ఎవరి వల్ల మారిందో రాసి ఉంచితే ఇలాంటి కథలు చెప్పే తోటి ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా మా పిల్లల భాష గురించి చెప్పాలి. కటక్‌లోని మాధ్యమిక విద్యా మండలి నిర్వహించే పదో తరగతి పరీక్షలో తెలుగును మొదటి భాషగా రాసే వీలుంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. అయినా ఉద్యోగం, కాలేజీ, ఆఫీసు అన్నీ ఒడియాలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఒడియా వైపు మొగ్గడం సహజమే, దానికి వాళ్లను తప్పుపట్టలేను. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కానీ ఆ తెలుగులో 'బహి (పుస్తకం) తేలేదు సార్', 'రేపు ఛుట్టీ (సెలవు) కదా' అన్నవి మామూలు మాటలు. నదికి అవతల పెళ్లికి వెళితే బంధువుల పిల్లలు 'ఒడియావాళ్లు వచ్చారు' అని నవ్వుతారు. ఇక్కడ బడిలో ఒడియా మాట్లాడితే, పెదవులు గుండ్రంగా చుట్టి పలకవలసిన ఒడియా 'అ'ను మన పిల్లలు తెలుగు 'అ'లాగే పలుకుతారు కాబట్టి, మొదటి మాటకే ఎవరింటి పిల్లలో తెలిసిపోతుంది. రెండు ఒడ్డుల మీదా నవ్వే మనుషులు ఉన్న పిల్లలకు కుటుంబం గురించిన నామోషీ కథలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. ఈ సంగతి మొదటి ఏడు నేను పట్టించుకోలేదు.

కథ నేనే రాశాను. ఇక్కడి సంత, ఇక్కడి మాట ఉన్న కథ కావాలనిపించి రెండు పేజీలు రాసి, టైపు చేయించి, జిరాక్సు కాపీలు పంచాను. రాసింది నేనని పిల్లలకు చెప్పలేదు. సారు రాసిన కథ అంటే తప్పులు వెతకడానికి వెనకాడతారని నా ఉద్దేశం.

కథ ఇది. తొమ్మిదో తరగతి అమ్మాయి. తండ్రి సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉంటాడు. తల్లి, అమ్మమ్మ, ఆ పిల్ల ఒక ఇంట్లో ఉంటారు. అమ్మమ్మ వారపు సంతలో కొండచీపుర్లు, చింతపండు కొని పట్నంలో మారుబేరం చేస్తుంది. ఏప్రిల్ 1న బడిలో ఉత్కళ దివస్, అంటే ఒడిశా అవతరణ దినం, జరుగుతుంది. ఆ పిల్ల ఒడియాలో తడబడకుండా ఉపన్యాసం ఇచ్చి మొదటి బహుమతి గెలుస్తుంది. పేరు పిలవగానే, సంత నుంచి గంపతో సహా నేరుగా వచ్చి ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మ లేచి నిలబడి, 'ఓలమ్మా, మా గుంటే!' అని అరుస్తుంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. సభ నవ్వుతుంది. బహుమతి ఇస్తూ హెడ్మాస్టరు, ఆవిడ మీ వాళ్లా అని ఒడియాలో అడుగుతారు. 'కాదు సార్, పడిశా ఘర ఆయీ' అంటుంది పిల్ల. అంటే పక్కింటి ముసలమ్మ అని. అమ్మమ్మ ఆ మాట వింటుంది. ఇంటికి వెళ్లే దారంతా ఏమీ అనదు, నాలుగడుగులు వెనకే నడుస్తుంది. పిల్ల ఇంట్లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుని తిరిగి చూస్తే, అమ్మమ్మ గంప దింపుకుని గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. 'మీ అమ్మ ఇంట్లో ఉందా?' అని ఒడియాలో అడుగుతుంది. కథ అక్కడితో అయిపోతుంది.

మొదటి ఏడు

కథ చదివించాను. చివరి వాక్యం దగ్గర తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని అలా ఉండనిచ్చి ఉంటే బాగుండేది. నేను వెంటనే, 'ఆ అమ్మాయి చేసింది తప్పా, ఒప్పా?' అని అడిగాను. 'తప్పు సార్' అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ రాత్రి నోట్‌బుక్కులు దిద్దుతుంటే, మాతృభాషను ప్రేమించాలి, పెద్దలను గౌరవించాలి, మన సంస్కృతిని చూసి గర్వపడాలి అనే మూడు వాక్యాలే ఒకదాని వెంట ఒకటి కనిపించాయి. అక్షరదోషాల్లో తప్ప ఒక పుస్తకానికీ మరొక పుస్తకానికీ తేడా లేదు. అదే వారంలో ఒక రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా ఇవ్వడానికి ఒక తల్లి గేటు దగ్గరికి వచ్చి కొడుకును తెలుగులో పిలిచింది. అందరికంటే అందంగా ఆ మూడు వాక్యాలు రాసిన పిల్లవాడే పరుగెత్తుకుంటూ వెళ్లి, డబ్బా అందుకుని, ఒడియాలో ఒక్క మాట చెప్పి ఆవిడను పంపేశాడు. వాడిని నేను తప్పుపట్టడం లేదు. నా పాఠం వాడి జీవితాన్ని తాకనే లేదని నాకు ఆ గేటు దగ్గర అర్థమైంది.

దాన్ని సరిదిద్దబోయి మరింత పెద్ద పొరపాటు చేశాను. మర్నాడు, మీ ఇళ్లలో ఇలాంటిది ఏమైనా జరిగిందా, చెప్పండి అని తరగతిలో అడిగాను. కాసేపు ఎవరూ లేవలేదు. నేను మళ్లీ మళ్లీ అడిగితే ఒక అబ్బాయి లేచి, వాళ్లమ్మ ఒక ఇంట్లో అంట్లు తోముతుందని, ఒకసారి ఆ ఇంటికి ఏదో పని మీద వెళ్లినప్పుడు ఆవిడను చూడనట్లు నటించానని చెప్పాడు. రెండో బెంచీలోని అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగింది. అది వాళ్లిల్లే. ఆ అబ్బాయి నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. తల్లి ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసి, టీ పెట్టి ఇచ్చి, 'మావోడు తరగతిలో ఏదో కథ సెప్పినాడంట గదా సారూ, పక్కింటి పిల్లలు అన్నారు. ఏటా కథ?' అని అడిగింది. పిల్లవాడు గోడకు ఆనుకుని నా వైపే చూస్తున్నాడు. బాగా చెప్పాడమ్మా అని మాత్రం అని లేచి వచ్చేశాను. వాడు మర్నాడు బడికి వచ్చాడు గాని, ఆ ఏడాదంతా తెలుగు పీరియడులో తనంతట తాను నోరు విప్పలేదు.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. ఇలాంటి కథ చెప్పేటప్పుడు సొంత అనుభవాన్ని తరగతిలో గట్టిగా చెప్పమని ఎవరినీ అడగను. రాయాలనుకున్నవాళ్లు 'నేను' అనకుండా 'ఒక అబ్బాయి', 'ఒక అమ్మాయి' అని రాస్తారు, కాగితం మడిచి ఇస్తారు, నేను చదివి వాళ్ల చేతికే తిరిగి ఇస్తాను. దానికి మార్కులు లేవు. రాయకపోతే ఎందుకు రాయలేదని అడగను. పిల్లలు మనసు విప్పడం లేదని కొందరు ఉపాధ్యాయులు బాధపడతారు. విప్పిన మనసును ఆ తరగతి గది ఎలా దాస్తుందో చెప్పలేనప్పుడు విప్పమని అడిగే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

రెండో ఏడు

రెండో ఏడు తప్పు ఒప్పుల జోలికి పోకుండా మాటలతో మొదలుపెట్టాను. సిగ్గు, బిడియం, మొహమాటం, నామోషీ, చిన్నతనం, తలవంపులు, పరువు అని బోర్డు మీద రాసి, ఏ మాట ఎప్పుడు వాడతామో అడిగాను. ఆ పీరియడు సగం దాటాక పిల్లలే మాస్టార్లయ్యారు. పెళ్లికూతురికి ఉండేది సిగ్గు, నామోషీ కాదు. చుట్టాలింట్లో రెండోసారి కూర అడగలేకపోవడం మొహమాటం. నామోషీ పడేవాడికి తన హోదా మీద కన్ను ఉంటుంది. 'తలవంపులు తెచ్చావు' అన్నప్పుడు పని ఒకరిది, వంగే తల ఇంకొకరిది. మా ఇంట్లో 'లాజ లేదా?' అంటారు సార్, అది ఒడియా మాటే కదా, దాన్ని ఎక్కడ పెట్టాలి అని ఒకడు అడిగితే, దానికీ బోర్డు మీద చోటిచ్చాం. చదువు అంతంతమాత్రంగా ఉండే ఒక అమ్మాయి అప్పుడు మెల్లగా అన్న మాట నేను నా డైరీలో రాసుకున్నాను: 'సభలో ఆ పిల్లకు ఉన్నది నామోషీ సార్. గుమ్మం దగ్గరే సిగ్గు వచ్చింది.' కథ రాసిన నాకు ఆ తేడా అంత స్పష్టంగా తెలియదు. కథ మొత్తం ఆ రెండు మాటల మధ్య ఉన్న దారి అని ఆ పిల్ల చెప్పాకే గ్రహించాను.

ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకున్నాం: ఈ వాక్యంలో చూస్తున్నది ఎవరు? ప్రతి వాక్యం దగ్గరా ఆగి, అది ఎవరి కంటితో కనిపించిన సంగతో పక్కన పెన్సిలుతో రాయాలి. కథలో ఒక వాక్యం ఇలా ఉంది: 'అమ్మమ్మ చీర అంచు చీపుర్ల దుమ్ముతో తెల్లబడి ఉంది.' చూసింది మనవరాలు అని అందరూ రాశారు. అలాగైతే ఆ పిల్ల అంతకుముందెప్పుడూ ఆ దుమ్ము చూడలేదా, సంత ఉన్న ప్రతి రోజూ అమ్మమ్మ అలాగే కదా ఇంటికి వచ్చేది అని అడిగాను. చాలాసేపటికి ఒకడు, 'చూసే ఉంటుంది సార్, కానీ అప్పుడది దుమ్ము కాదు. హెడ్మాస్టారు చూశాక దుమ్మయింది' అన్నాడు. కన్ను ఆ పిల్లదే గాని చూపు అరువు తెచ్చుకున్నదని ఇంకొకరు అందుకున్నారు. కుటుంబం మీద కలిగే నామోషీ ఎలా పుడుతుందో ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఇంట్లో ఉన్నంతసేపు కనిపించని గంప, దుమ్ము, గొంతు, యాస పరాయి మనిషి పక్కన నిలబడగానే ఒక్కసారిగా కనిపిస్తాయి.

చివరి వాక్యం మీద వాదన రెండు పీరియడ్లు సాగింది. అమ్మమ్మ ఎకసెక్కం ఆడుతోందని కొందరు, అలిగిందని కొందరు, మనవరాలు చెప్పిన అబద్ధాన్ని నిజం చేసి ఆమెను సభలో మాట పోకుండా కాపాడుతోందని ఇంకొందరు అన్నారు. ముగ్గురి చేత మూడు రకాలుగా ఆ వాక్యాన్ని చదివించాను. మూడూ సరిపోయాయి. అప్పుడొక అబ్బాయి, అమ్మమ్మకు ఒడియా రాదని కథలో ఎక్కడా లేదు సార్, మనమే అనుకున్నాం అన్నాడు. అందరూ మళ్లీ కాగితాలు తిరగేశారు. నిజంగానే లేదు. నలభై ఏళ్లు సంతలో బేరాలాడిన మనిషికి ఒడియా రాకుండా ఎలా ఉంటుంది? 'మా గుంటే!' అని ఆవిడ తెలుగులో అరిచింది తెలుగు తప్ప రాక కాదు, సంతోషం తెలుగులో వచ్చింది కాబట్టి. ఆ పిల్ల సభలో దాచబోయినది ఆ సంతోషాన్నే అని వాళ్లంతట వాళ్లు తేల్చుకున్నారు. ఆ ఏడు నోట్‌బుక్కుల్లో మాతృభాషను ప్రేమించాలి అన్న వాక్యం ఒకటి రెండు చోట్ల మాత్రమే కనిపించింది.

మూడో ఏడు

పాఠం కుదిరిందని ధీమాగా ఉన్నాను. మూడో ఏడు తరగతిలో కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదువుకునే ఒక సవర అమ్మాయి ఉంది. ఇంటి భాష సవర, బడి భాష ఒడియా, సంత భాష తెలుగు. మూడు భాషలు వచ్చిన పిల్ల. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేది. పెన్సిలు పని రెండో రోజున, ఎప్పుడూ లేనిది, ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

ఆమె వేలు పెట్టి చూపించిన వాక్యం ఇది: 'సవరవాళ్లు కొండ దిగే వేళకే అమ్మమ్మ సంతలో ఉండాలి, వాళ్లకు లెక్క తెలియదు కాబట్టి ముందు వెళ్లినవాళ్లకే లాభం.'

'ఈ వాక్యంలో చూస్తున్నది ఎవరు సార్?' అని అడిగింది.

అమ్మమ్మ అన్నాను. ఆమె కాగితం వైపే చూస్తూ, 'అమ్మమ్మ అనుకున్నట్టు లేదు సార్. కథ చెప్పేవాళ్లే అంటున్నట్టుంది' అంది. నేను వాక్యం మళ్లీ చదువుకున్నాను. ఆమె చెప్పింది నిజం. తెలుగులో ఒకరి మాటను ఇంకొకరి మాట నుంచి వేరుచేసే గుర్తు 'అని'. 'వాళ్లకు లెక్క తెలియదని అమ్మమ్మ నమ్మకం' అని ఉంటే అది అమ్మమ్మ చూపు. 'తెలియదట' అని ఉన్నా ఎవరో అన్న మాట అని తెలిసేది. నా వాక్యంలో ఆ 'అని' లేదు, ఆ 'ట' లేదు. చింతపండు పులుపు అన్నంత మామూలుగా, అదొక నిజం అన్నట్టు రాసి ఉంది. అంతకుముందు రెండేళ్లలో ఈ కథను రెండు తరగతులు చదివాయి, అందులో ఒకటి పెన్సిలుతో జల్లెడ పట్టింది, నేను లెక్కలేనన్నిసార్లు చదివాను. ఆ వాక్యం పక్కన ఎవరమూ ఏమీ రాయలేదు. మాకు అది చూపులాగే అనిపించలేదు.

'ఆ వాక్యం రాసింది నేనేనమ్మా. ఈ కథ నేనే రాశాను' అని చెప్పాను. తరగతి ఒక్కసారిగా తలెత్తింది. తెలుగు పిల్లల్లో ఒకడు, 'నిజమే కదా సార్, వాళ్లకి...' అని మొదలుపెట్టి, ఆ అమ్మాయి అక్కడే ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు. వాడు ఆగడం అందరూ చూశారు. ఆ రోజు ఇక ముందుకు వెళ్లలేదు.

మర్నాడు ఆ అమ్మాయి తనంతట తానే బోర్డు దగ్గరికి వచ్చి సవర అంకెలు చెప్పింది. ఆ భాషలో పన్నెండు దాకా అంకెలకు విడివిడి పేర్లున్నాయి. పదమూడు అంటే పన్నెండూ ఒకటి, పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. అక్కడి నుంచి ఇరవైల చొప్పున లెక్క సాగుతుంది. ముప్పై తొమ్మిది చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఏడు. పదుల్లో లెక్కపెట్టే అలవాటున్న మా పిల్లలు ముప్పై ఒకటి చెప్పమంటే తడబడ్డారు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే అబ్బాయి రెండుసార్లు తప్పు చెప్పాడు. నవ్వులాటగానే సాగింది గాని, అర్థం కావలసింది అర్థమైంది. సంతలో ఈ లెక్క నుంచి ఆ లెక్కకు మారడానికి పట్టే క్షణాన్ని చూసి మనం 'లెక్క తెలియదు' అనేశాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా మా వైపు కూడా జరుపుకుంటాం. 1880లో ఆయన ఉపాధ్యాయుడిగా చేరింది మా పర్లాకిమిడిలోనే. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు నొచ్చుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ కథ మా ఉపన్యాసాల్లో ప్రతి ఏటా వినిపిస్తుంది. అదే మనిషి ఏళ్ల తరబడి కష్టపడి సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు పెట్టించిన సంగతి చివర ఒక వాక్యంలో వచ్చి పోతుంది. మనం ఊరు పోగొట్టుకున్నామని తలచుకునే 1936లోనే మంగేయి గొమాంగో సవర భాషకు సొర సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. ఆ సంగతి నేను తరగతిలో మొదటిసారి చెప్పింది ఆ వారమే. మన భాషకు జరిగిన అన్యాయం గురించి చెప్పేటప్పుడు మన భాష ఎవరి మీద నిలబడి మాట్లాడుతోందో చూసుకోకపోతే ఆ పాఠం సగమే.

వాక్యాన్ని ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న అయింది. కొట్టేద్దామని చాలామంది అన్నారు. కొట్టేస్తే నేను రాసిన తప్పు మాయమవుతుంది గాని సంతలో జరిగేది మాయం కాదు. 'అని అమ్మమ్మ నమ్మకం' అని చేర్చి ఊరుకుందామని నాకు తోచింది. అప్పుడు నా చూపును ఆ ముసలావిడ నెత్తిన పెట్టి నేను చేతులు దులుపుకున్నట్టే. ఆ అమ్మాయినే అడిగాను. ఆలోచించుకుని వస్తానని చెప్పి, మూడు రోజుల తర్వాత ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. అందులో ఏముందో ఆమె అనుమతితోనే క్లుప్తంగా చెబుతున్నాను. చీపుర్లు తెచ్చిన మనిషి ఇల్లు కదిలే ముందే వాటిని లెక్కపెట్టుకుంటుంది: ఇరవై, పన్నెండు, ఏడు. దారిలో దించుకున్నప్పుడు మరోసారి లెక్కపెడుతుంది. సంతలో అమ్మమ్మ వేళ్లతో చకచకా తిప్పి ముప్పై ఆరని డబ్బులిస్తుంది. మూడు తక్కువని ఆమెకు తెలుసు. ఎండ దిగేలోగా కొండెక్కాలి, ఉప్పు, కిరోసిన్ కొనాలి, గట్టిగా అడిగితే వచ్చే వారం ఈవిడ కొనదు. అమ్మమ్మ ఏదో అని నవ్వితే ఆమె కూడా నవ్వుతుంది. కాగితం ఆ నవ్వు దగ్గర ఆగిపోయింది.

ఆ పేజీ కథకు చేరాక గుమ్మం దగ్గరి అమ్మమ్మ మారిపోయింది. ఉదయం సంతలో ఒకరి లెక్కను కాదన్న మనిషే సాయంత్రం మనవరాలి నోట తాను ఎవరూ కానిదయింది. పిల్లలు ఈ రెంటినీ కలిపి చదవడానికి చాలా ఇబ్బంది పడ్డారు. అమ్మమ్మ మీద జాలి పోతుందని ఒక అమ్మాయి ఏడుపు గొంతుతో అంది. పోనక్కర్లేదని, రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని ఇంకొకరు అన్నారు. నేను తీర్పు చెప్పలేదు. మొదటి ఏడు తీర్పు అడిగి ఏం పోగొట్టుకున్నానో నాకు గుర్తుంది.

ఒక విద్యార్థి తండ్రి బడికి వచ్చి నాతో మాట్లాడారు. 'మనవాళ్లే ఇక్కడ దిక్కులేకుండా ఉన్నారు, మీరేమో మనవాళ్లను మోసగాళ్లలా చూపిస్తున్నారు' అని బాధపడ్డారు. ఆయన సంతలో వ్యాపారం చేసే మనిషి. ఆ బాధ నిజమైనదే. నేను కథ కాగితాలు మూడూ ఇచ్చి, చదివి చెప్పండి అన్నాను. వారం తర్వాత కాగితాలు తిరిగి ఇస్తూ, 'ఆ ముసల్దాన్ని గుమ్మం బయట నిలబెట్టి వదిలేశారేం?' అని మాత్రం అడిగారు. చీపుర్ల సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పరీక్షలో ఈ కథ మీద నేనిచ్చే ప్రశ్న ఇప్పుడు ఒకటే: 'మీ అమ్మ ఇంట్లో ఉందా?' అన్న ప్రశ్నను అమ్మమ్మ ఏ మనసుతో అడిగిందని నువ్వు అనుకుంటున్నావు? కథలోని మాటలతోనే సమర్థించు. ఏ జవాబు రాసినా ఫరవాలేదు. కథలోని వాక్యాలను చూపించినదానికే మార్కులు. సంస్కృతి, గర్వం, గౌరవం అన్న మాటలు వాడితే, అవి కథలో ఎక్కడ కనిపించాయో చెప్పమని పక్కన రాస్తాను. ఈ కథ చెప్పదలచుకున్న తోటి ఉపాధ్యాయులు నాలుగు పీరియడ్లయినా కేటాయించుకోవాలి. ఒక పీరియడులో ముగిస్తే పిల్లల చేతికి నీతివాక్యమే మిగులుతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడు కొత్త కాపీలు తీయించే ముందు ఆమెకు చూపించాను. మొదటి పేజీలోని వాక్యం ఇప్పుడు 'వాళ్లకు లెక్క తెలియదని అమ్మమ్మ నమ్మకం. నేనూ అలాగే అనుకునేవాణ్ని' అని ఉంది. మూడో పేజీ ఆమె రాసినది. పేరు వేయమంటావా అని అడిగితే, వద్దు సార్, హాస్టల్‌లో అంటారు అంది. ఒక్క మార్పు మాత్రం అడిగింది. మొదటి రెండు పేజీల్లో 'సవర' అనే ఉండనివ్వండి, అమ్మమ్మ అలాగే అంటుంది కదా. నా పేజీలో మాత్రం మేం మమ్మల్ని అనుకునేటట్టు 'సొర' అని వేయండి అంది. అలాగే వేయించాను. ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లలు కాగితాలు అందుకుని మొదట అడిగిన ప్రశ్న, ఒకే మనుషులకు రెండు పేర్లెందుకున్నాయి సార్ అని. పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాను.